ఆకుపచ్చ గౌను విప్పేసి వచ్చినామె

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులు ఎక్కడైనా కలిస్తే, "మేడం, మీ సర్వీసుల మీరు చేసిన పెద్ద పని ఏంది?" అని అడుగుతుంటారు. వాగు దాటి వెళ్లి చేసిన కాన్పో, పాము కరిచిన మనిషిని బతికించిన సంగతో చెబుతానని వాళ్ల ఆశ. అవీ ఉన్నాయి. కానీ నేను చెప్పేది ఎప్పుడూ ఒక కడుపునొప్పి గురించే. మొదలుపెట్టగానే సగం మంది మొహాలు వాడిపోతాయి, ఇంతేనా అన్నట్టు. ఇది చదివే కొత్త నర్సులూ, మీ మొహాలు నాకు కనిపించవు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మాది సారంగాపూర్ మండలం. జగిత్యాలలో చదువుకున్నాను. ఏఎన్ఎం ట్రైనింగ్ అయ్యాక మొదట సిరిసిల్లలో, ఆ తర్వాత ఎక్కువ కాలం కోరుట్లలో పనిచేశాను. రిటైరయ్యేనాటికి సూపర్‌వైజర్ని. హోదా ఏదైనా జనానికి మాత్రం నర్సమ్మనే.

కోరుట్లలో మా దవాఖానకు పొద్దున్నే వచ్చే ఆడవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. చాలామంది బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి, పొద్దంతా ఒకే తీరున కూర్చుని చేసే పని అది. వాళ్లు చెప్పే బాధలు కూడా ఇంచుమించు ఒకే తీరున ఉండేవి. "కడుపు ఉబ్బినట్టుంటది నర్సమ్మా." "తేన్పులు ఆగుతలేవు." "మూడు దినాలకోసారి గూడ దొడ్డికి సాఫ్ అయితలేదు." ఇవి గట్టిగానే చెప్పేవాళ్లు. ఇంకో మాట ఉండేది, దానికి మాత్రం గొంతు తగ్గించేవాళ్లు. "పండుకుంటె నిద్ర రాదు. ఉన్నట్టుండి ఒళ్లంత సెగ పుడుతది. ఊకెనే ఏడుపస్తది." మొదటి మాటలు నేను రిజిస్టర్లో రాసుకునేదాన్ని. రెండో మాట రాసుకోవడానికి రిజిస్టర్లో గడి లేదు.

ఇచ్చి పంపేది గ్యాస్ గోలీ. మా ఫార్మసిస్టు నవ్వించే మనిషి. "మేడం, కోరుట్లల పొయ్యికాడి గ్యాస్ కన్న కడుపుల గ్యాసే ఎక్కువున్నది. పైపు పెడితె జగిత్యాల దాక వంటలయితయి" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వేదాన్ని గానీ, నా లోపల ఒక ముల్లు ఉండేది. అది సిరిసిల్లలో గుచ్చుకున్నది.

సిరిసిల్లలో ఉన్నప్పుడు మగ్గాల షెడ్డులో నూలు చుట్టి కండెలు పట్టే ఒకామె నా దగ్గరికి వచ్చేది. నలభై ఒకటో, రెండో ఉంటాయి. పొత్తికడుపులో నొప్పి. ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఆ రోజుల్లో మా అందరి బుర్రల్లో ఒకటే మాట తిరుగుతుండేది: పిల్లలు పుట్టడం అయిపోయాక గర్భసంచితో పనేముంది, ఉంచుకుంటే రేపు క్యాన్సర్ వస్తుంది, తీసేస్తే పీడ పోతుంది. ఆమె నన్ను అడిగింది, "ఏం జెయ్యమంటవు నర్సమ్మా?" అని. నేను తీయించుకొమ్మన్నాను. అనడమే కాదు, నేనే వెంటబెట్టుకుని ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లాను. లోపలికి తీసుకుపోయేదాకా చెయ్యి పట్టుకుని నిల్చున్నాను. వాళ్లింటివాళ్లు నన్ను ఎంతో మెచ్చుకున్నారు. నన్ను నేనూ మెచ్చుకున్నాను.

ఏడాది తర్వాత ఒక పొద్దున సబ్‌సెంటర్ గడపలో వచ్చి నిలబడింది.

"సంచి పోయింది నర్సమ్మా. నొప్పి పోలే."

తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆమె తిట్టలేదు. ఇంకేదైనా గోలీ ఉంటే ఇమ్మని అడిగింది. పాత నొప్పికి తోడు కొత్తగా ఒళ్లంతా సెగలు, మోకాళ్ల నొప్పులు వచ్చాయి. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. గ్యాస్ గోలీ ఇచ్చి పంపాను. ఆ తర్వాత కొన్నాళ్లకు నాకు కోరుట్లకు బదిలీ అయింది. ఆమెకు ఎదురుపడే అవసరం తప్పిందని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా.

కోరుట్లలో నాకు దొరికిన ఆశా కార్యకర్త నోరు పెద్దది, చెవులు ఇంకా పెద్దవి. ఏ గల్లీలో ఎవరికి దగ్గు వచ్చిందో మాకన్నా ముందే తెలిసేది. నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్లుందనగా, ఒక శనివారం ఆమె వచ్చి, "మేడం, మా గల్లీల బీడీలక్కకు సోమవారం ఆపరేషనట. జగిత్యాలల సంచి తీస్తరట" అంది.

ఆ బీడీలక్క నాకు బాగా తెలుసు. నలభై నాలుగేళ్ల మనిషి. భర్త ఇరవై ఏళ్లు మస్కట్‌లో పనిచేశాడు, రెండేళ్లకోసారి వచ్చి పోయేవాడు. ఇద్దరు పిల్లల్ని చదివించింది, ఇల్లు దగ్గరుండి కట్టించింది, అన్నీ ఒక్కతే. ఆమె ఇంటి అరుగు మీద రోజూ అయిదారుగురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ అరుగు మీద నవ్వు గల్లీ మలుపు దాకా వినిపించేది. టీకాల పని మీద వెళ్తే నన్నూ కూర్చోబెట్టి ఏదో ఒకటి తినిపించేవాళ్లు. అలాంటి మనిషి ఏడాది పైగా కడుపు పట్టుకుని దవాఖానకు వస్తోంది. నేను ఎన్నిసార్లు గ్యాస్ గోలీలిచ్చానో లెక్క లేదు.

"నొప్పి ఎప్పటి సంది ఉన్నది ఆమెకు?" అని అడిగాను.

ఆశా కార్యకర్త పక్కున నవ్వింది. "ఎప్పటి సంది ఏంది మేడం. ఆయన మస్కట్ ఇడిసిపెట్టి ఒక్కసారే అచ్చిండు గదా, అప్పటి సంది."

ఆమె హాస్యానికి అన్నది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఏడాది పైగా ఆమె కడుపు నొక్కి చూశాను, నాలుక చూశాను, బీపీ చూశాను. నొప్పి మొదలైనప్పుడు నీ ఇంట్లో ఏం జరుగుతోందమ్మా అని ఒక్కనాడూ అడగలేదు.

మర్నాడు ఆదివారం. వాళ్లింటికి వెళ్లాను. అరుగు ఖాళీగా ఉంది. లోపల కొత్త సోఫా, గోడకు పెద్ద టీవీ. భర్త లేచి మర్యాదగా కూర్చోమన్నాడు. చెడ్డ మనిషి అనుకుని వెళ్లానేమో, ఆయన మాట్లాడేకొద్దీ నాకే ఇబ్బందిగా అనిపించింది.

"ఇన్నేండ్లు నేను లేకపోతి మేడం. ఈమెకు జ్వరమచ్చినా, నొప్పచ్చినా సూసెటోళ్లు లేరు. గిప్పుడు నేనున్న. ఎంతైనా సరే, మంచి దవాఖానల చేపిస్త."

స్కానింగ్ కాగితం చూపించాడు. గర్భసంచిలో చిన్న గడ్డ ఉందని రాసి ఉంది. ఆ వయసులో అలాంటి చిన్న గడ్డలు ఎంతోమందికి ఉంటాయని, చాలావాటితో ఏ బాధా ఉండదని నాకు అప్పటికే తెలుసు. అయినా ఆయన ముందు నోరు విప్పలేకపోయాను. వెనక గదిలో ఆమె ఒక్కతే గోడవైపు తిరిగి బీడీలు చుడుతోంది. "తీసేస్తె అయిపోతదంటున్నరు నర్సమ్మా. నాకైతె పానం ఇసిగిపోయింది" అంది. తలెత్తలేదు. చాయ్ తాగి వచ్చేశాను.

ఎందుకు మాట్లాడలేదో నిజం చెబుతాను. భయం. సర్కారు నర్సు వెళ్లి ప్రైవేటు డాక్టరు మాటకు అడ్డం చెబితే రేపు పేపర్లో వస్తుందన్నది ఒక భయం. నేను ఆపిన తర్వాత నిజంగానే లోపల ఏదో ఉందని తేలితే అన్నది ఇంకో భయం. రెండోది మంచి భయమే. మీకూ ఉండాలి.

కానీ ఆ రాత్రంతా "నొప్పి పోలే" అన్న సిరిసిల్ల ఆమె మాట నన్ను వదల్లేదు. సోమవారం పొద్దున్నే బస్టాండుకు వచ్చి జగిత్యాల బస్సెక్కాను. బస్సులోంచే అక్కడి సర్కారు దవాఖానలో ఉన్న లేడీ డాక్టర్‌కు ఫోన్ చేశాను. నా కూతురి వయసుంటుంది, కానీ మాట కచ్చితం. అంతా విని మూడు ప్రశ్నలు అడిగింది.

"నెలసరిలో రక్తం బాగా పోతోందా? ఊరికే బరువు తగ్గిందా? మలంలో రక్తం పడుతోందా?"

"అడగలేదు మేడం."

"అడగకుండానే బస్సెక్కారా?" అని నవ్వింది. "ముందు అవి అడగండి. లేవంటే రెండు రోజులు ఆగినా నష్టం లేదు, నా దగ్గరికి తీసుకురండి. అన్నీ చూసి, ఆపరేషన్ అవసరమనిపిస్తే నేనే చేయించుకొమ్మని చెబుతాను. ఆపడం మన పని కాదు. చూడటం మన పని."

ఆ చివరి మాట నాకు చాలా బలమిచ్చింది.

దవాఖాన పేరు చెప్పను, ఈ కథలో వాళ్ల తప్పేమీ లేదని మీకే తెలుస్తుంది. మేడమీద గదిలో ఆమె ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుంది. జుట్టు రెండు జడలు వేసి కట్టారు. చేతికి సూది గుచ్చి ప్లాస్టర్ అంటించారు. పరీక్షకు ఎదురుచూసే బడిపిల్లలా ఉంది. భర్త ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి ఇద్దరూ ఆశ్చర్యపోయారు.

డాక్టరమ్మ చెప్పిన మూడు ప్రశ్నలు అడిగాను. రక్తం ఎక్కువ పోవడం లేదు, నెలసరి ముందూ వెనకా అవుతోందంతే. బరువు తగ్గలేదు. మలంలో రక్తం లేదు. ఇక నాలుగోది నా సొంత ప్రశ్న.

"చెల్లె, నొప్పి మొదలైనప్పుడు నీ ఇంట్ల ఏం జరిగింది?"

ఆమె భర్త వైపు చూసింది.

"గీయన అచ్చిండు" అంది.

ఆయన మొహం ఎర్రబడింది. "అంటె? నావల్లనే నొప్పచ్చిందంటవా? నేను ఇంటికచ్చుడే తప్పా?" గొంతు పెరిగింది. తలుపు దగ్గర ఇద్దరు నర్సులు తొంగి చూశారు.

ఆమె మాత్రం బెదరలేదు. ఇరవై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి గొంతు మళ్లీ వచ్చింది.

"నీవల్ల అనలే. నువ్వచ్చినంక నా పొద్దు మారిందంటున్న. ఇరువై ఏండ్లు పదింటికి అందరం కలిసి అరుగు మీద తిన్నం. గిప్పుడు నువ్వు తిన్నంక తింటున్న. నువ్వు రెండింటికి తింటె నాకు మూడయితది. తిన్నట్టే ఉండదు. టీవీ ఇనవడతలేదంటివి, ఆడోళ్లు అచ్చుడు బందయింది. గోడ సూసుకుంట బీడీలు సుడుతున్న. ఒక్క మాట లేదు, ఒక్క నవ్వు లేదు. నడుము గుంజితె మెడికల్ షాపు గోలీ ఏసుకుంటున్న, పరిగడుపునే. ఇగ కడుపు ఏమయితది?"

"నాకు చెప్పక పోతివి" అన్నాడు ఆయన. గొంతు దిగిపోయింది.

"ఫోన్ల చెప్పుడు అలవాటు. ఎదురుంగ చెప్పుడు అలవాటు లేకపాయె."

అప్పుడు నేను సిరిసిల్ల సంగతి చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. "నేను ఒకామెకు గిట్లనే తీయించిన అన్నా. నేనే దగ్గరుండి తోల్కపోయిన. సంచి పోయింది గని నొప్పి పోలే. నీ భార్యకు తీయొద్దని నేను చెప్తలేను. మా డాక్టరమ్మ ఒక్కపారి సూసినంక తీద్దురు. గంతే."

ఇంతలో అక్కడి సర్జన్ వచ్చాడు. పెద్ద వయసు మనిషి. పెద్ద గొడవ అవుతుందని నేను పైట సర్దుకుని సిద్ధంగా నిలబడ్డాను. ఆయన అంతా విని, "చిన్న గడ్డమ్మా ఇది, తొందరేం లేదు. కడుపునొప్పి పోతలేదు, తీసెయ్యుండ్రి అని మీ ఆయనే రెండుసార్లు వచ్చి అడిగిండు. ఇంకో డాక్టర్‌కు చూపించుకుంటే మంచిదే" అన్నాడు. యుద్ధానికి వెళ్తే ఎదుటివాడు చాయ్ ఇచ్చినట్టయింది నాకు. ఆదివారం నేను పడ్డ భయమంతా వృథా. ఎవరూ ఎవరినీ ఏమీ అడగకపోవడం వల్లే ఆమె ఆ మంచం దాకా వచ్చింది.

ఆమె మంచం దిగింది. చెయ్యి నర్సు ముందుకు చాపి, "గీ సూది తియ్యి బిడ్డా" అంది. లోపలికి వెళ్లి గౌను విప్పేసి, తన చీర కట్టుకుని, జడలు విప్పి కొప్పు ముడుచుకుంటూ బయటికి వచ్చింది. భర్త ఇంకా ఫైలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"సూసుకుంట నిలవడ్డవేంది? ఫైలు పట్టుకోని నడువు" అంది.

ఆయన నడిచాడు. ఆ మెట్లు దిగుతుంటే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. యాభై ఆరేళ్ల సర్కారు ఉద్యోగి గంతేస్తే బాగుండదని ఊరుకున్నాను.

రోడ్డు మీదికి రాగానే ఆమె ఆగి, "ఆకలయితంది" అంది. ముందురోజు నుంచి ఏమీ తినలేదు కదా. కానీ ఆ మాట అన్నాక తనే విచిత్రంగా చూసింది. ఏడాదిగా తినాలి కాబట్టి తినడమే గానీ, ఆకలి అన్నది తెలియలేదట. పక్కనే చిన్న హోటల్లో ముగ్గురం కూర్చుని ఇడ్లీలు తిన్నాం. గోడ గడియారంలో పది దాటింది. భార్యాభర్తలు ఒకే వేళకు ఎదురెదురుగా కూర్చుని తినడం చాలా కాలానికి అదేనని ఆమె తర్వాత చెప్పింది.

మా డాక్టరమ్మ ఆ రోజు ఆమెకు చాలాసేపు కేటాయించింది. పొట్ట పరీక్ష చేసింది, రక్తం, మలం పరీక్షలకు పంపింది, స్కానింగ్ మళ్లీ చేయించింది. రక్తం తక్కువగా ఉందని తప్ప, భయపడాల్సింది ఏదీ తేలలేదు. గడ్డ ఉంది, చిన్నదే, అప్పుడప్పుడు చూస్తూ ఉంటే చాలంది. నడుము నొప్పికి సొంతంగా వేసుకునే గోలీలు అన్నిటికన్నా ముందు ఆపమంది. పరిగడుపున అవి కడుపులో పుండు చేస్తాయట.

"ఈ వయసులో నెలసరి మారుతుంది, నిద్ర మారుతుంది, ఒంట్లో సెగలు పుడతాయి. దానికి తోడు మనసు కలత పడితే ముందుగా తెలిసేది పేగులకే. బిగుసుకుంటాయి, లేదంటే పరుగెడతాయి" అని చెప్పింది.

భర్తకు ఒక అనుమానం వచ్చింది. "అంటె మనసుల అనుకునే నొప్పా మేడం? ఉత్తదేనా?"

"ఉత్తది కాదు, నిజమైన నొప్పే. పరీక్ష రోజు పిల్లలకు కడుపు కదులుతుంది. అది ఉత్తదా?"

ఆయన ఫైలు మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మస్కట్ పోయే పొద్దు ప్రతిపారి నాకు కడుపు పాడయ్యేది మేడం. విమానమెక్కినంక గూడ అదే తీరు. ఇరువై ఏండ్లల ఎవ్వలకు చెప్పలే."

భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. నేను డాక్టరమ్మ టేబుల్ మీది కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

అంతటితో కథ సుఖంగా ముగిసిందనుకోకండి, ఆ తర్వాత నేను ఇంకో తెలివితక్కువ పని చేశాను. కోరుట్లకు వచ్చి ఆమెకు ఏం తినాలో చక్కగా ఒక కాగితం మీద రాసిచ్చాను. ఫోన్లో చూసి రాసిన పట్టీ అది. ఆశా కార్యకర్త ఆ కాగితం చదివి, "మేడం, గీ ఓట్సు ఏ చెట్టుకు కాస్తయి?" అంది. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. జొన్నరొట్టె, ఆకుకూర, పొద్దున మజ్జిగ పోసిన మక్కజొన్న గటుక, బిందె దగ్గరే గ్లాసు పెట్టుకుని గుర్తుగా నీళ్లు, చాయ్ సగానికి సగం తగ్గింపు, పొద్దుగూకే ముందు నడక. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో రాసింది మాత్రం ఆమే చెప్పి రాయించింది: పదింటికి అరుగు మీద.

అరుగు మళ్లీ తెరిచింది భర్తే. టీవీని వెనక గదిలోకి మార్చాడు. మొదటిరోజు ఆడవాళ్లు మొహమాటంగా వచ్చి అంచున కూర్చున్నారట. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయనకు వంట వచ్చు! మస్కట్ రూములో ఇరవై ఏళ్లు వంతులవారీగా పది మందికి వండిన చెయ్యి అది. ఇంట్లో మగవాడు వండితే ఏమనుకుంటారో అని చెప్పలేదట. వచ్చిన కొత్తలో పొద్దు ఎలా గడపాలో తెలియక టీవీ ముందు కూర్చున్న మనిషి, పదింటికి ఆరుగురు ఆడవాళ్లకు పప్పు వండి పెట్టడం మొదలుపెట్టాడు. "ఏం బావా, మస్కట్ పప్పుల ఉప్పెయ్యరా?" అని వాళ్లు ఆటపట్టిస్తుంటే, ఆయన గరిటె పట్టుకుని వాదనకు దిగేవాడు. నేను ఒకసారి వెళ్లి తిన్నాను. ఉప్పు నిజంగానే తక్కువ.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. మొదటి రెండు వారాలు గోలీలు ఆపినందుకు నడుము నొప్పి పెరిగి నన్ను తిట్టింది. పని మధ్యలో లేచి నడుము వంచి నిటారు చేసే కసరత్తులు డాక్టరమ్మ నేర్పింది. అవి ఒక్కతే చేస్తే సిగ్గని అరుగంతా లేచి చేసేది. మూడో వారంలో రాత్రి నిద్ర పట్టిందని చెప్పింది. రెండు నెలలకు కడుపు తేలికయింది. కష్టమైన రోజులు వచ్చినప్పుడు నొప్పి మళ్లీ తొంగి చూసేది, కానీ ఆమెకు ఇప్పుడు దాని గుణం తెలుసు. "పేగు బిగిసింది, నేను ఏదో మింగుతున్న" అనేది. ఆ ఏదో ఏమిటో కనుక్కుని, ఎవరో ఒకరికి చెప్పేసేది. పండగ ముందు దవాఖానకు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నర్సమ్మా, మిర్చిబజ్జీలు తిన్న. నాలుగు. ఏం కాలే!" అని అందరి ముందూ అరిచింది. అంత పెద్ద సర్టిఫికెట్ నాకు నా సర్వీసులో ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత గల్లీలోంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. "నన్ను గూడ సంచి తీయించుకొమ్మన్నరు, జర మీ డాక్టరమ్మకు సూపెట్టవా?" అని. తీసుకెళ్లాం. కొందరికి నిజంగానే ఆపరేషన్ అవసరమైంది, చేయించాం. ఒకామెకు ఆలస్యం చేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదే, తొందరగా తేలింది, బతికింది. కానీ ఎక్కువ మంది సంచితోనే ఇంటికి తిరిగి వచ్చారు. నేను రిజిస్టర్లో స్కేలు పెట్టి ఒక కొత్త గడి గీశాను: "ఇంట్లో ఏం మారింది?" తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఆ గడి చూసి, "ఇదేంటి, ప్రభుత్వం ఇచ్చిన ఫారంలో లేదే" అని కళ్లజోడు సవరించుకున్నాడు. నాలుగు పేజీలు తిరగేశాడు. తర్వాత రిజిస్టర్ మూసి, "మా ఇంటామె గూడ గ్యాస్ అంటుంది మేడం. అడుగుత" అని చిన్నగా చెప్పి వెళ్లిపోయాడు.

ధైర్యం వచ్చాక సిరిసిల్లకు కూడా వెళ్లాను. అడ్రస్ వెతుక్కుంటూ పోయి, కండెలు పట్టే ఆమె ముందు నిలబడి, తప్పయింది తల్లీ అన్నాను. ఇన్నేళ్లకు కరువు తీరా తిట్టింది. తిట్టి, అన్నం పెట్టింది. ఆమెనూ జగిత్యాలకు తీసుకెళ్లాను. పోయిన సంచిని ఎవరూ తేలేరు. నొప్పి సగానికి పైగా తగ్గింది, ఎముకలకు మందు మొదలుపెట్టారు, పొద్దున నడుస్తోంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు ఒక తిట్టు తిట్టాకే మాట్లాడుతుంది.

మీరు ఎక్కడ పనిచేసినా, నలభై దాటిన ఆడమనిషి కడుపు పట్టుకుని వస్తే పరీక్షలన్నీ చేయించండి, ఏదీ వదలొద్దు. దాంతోపాటు ఒక కుర్చీ కూడా వేయండి. కూర్చుంటే చెబుతారు, నిలబెడితే గోలీ తీసుకుని పోతారు.

రిటైరైన ఏడాదికి, నా బీపీ చూపించుకుందామని జగిత్యాల దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ గది ముందు పెద్ద లైను. లైను ముందునుంచి ఒక గట్టి గొంతు వినిపించింది. చూస్తే మన బీడీలక్క. పక్కన ఒకామె కడుపు మీద చెయ్యి పెట్టుకుని తలవంచుకుని నిలబడి ఉంది. బీడీలక్క భర్త చెల్లెలట, ముస్తాబాద్ నుంచి వచ్చింది. ఆపరేషన్‌కు ఒప్పుకుందని ఫోన్లో వినగానే ఈమె బస్సులు మారి ముస్తాబాద్ వెళ్లి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. భర్త వెనకాల టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నేను పిలుద్దామనుకుని కూడా ఆగిపోయాను, చూడాలనిపించింది.

గది తలుపు దగ్గర కూర్చున్న కొత్త నర్సు చీటీ చూసి, "పేషంట్ ఒక్కరే లోపలికి పోవాలె. నువ్వెవరమ్మా?" అని అడిగింది.

బీడీలక్క కొంగు నడుముకు బిగించింది.

"నేనా? నేను గీమెకు నర్సమ్మను" అంది. వదినా ఆడబిడ్డలు ఇద్దరూ లోపలికి వెళ్లారు.